అంకాలమ్మ ఇంట సీమంతం

అంకాలమ్మ గొంతు గురించి పాలెంలో ఎవరిని అడిగినా ముందు నవ్వి, తర్వాత చెబుతారు. తెల్లారి పడవలు ఒడ్డుకు చేరే వేళకు ఆమె ఇసుకలో నిలబడి బేరం మొదలుపెట్టిందంటే, అవతల కృష్ణపట్నం రేవులో ఓడ కూత వేసినా ఎవరికీ వినపడదట. మొగుడు పోయిన దగ్గర్నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని, మోకాళ్లు మొరాయించాక గంపతో సహా ఆటో ఎక్కి, ఊరూరా తిరిగి ఒక్కగానొక్క కొడుకు శివశంకర్‌ని పెంచింది. కోడలు సుభాషిణి కాపురానికి వచ్చిన కొత్తలో ఆ గొంతుకు బెదిరి, అత్త పిలిస్తే చేతిలో చెంబు జారవిడిచేది.

పెళ్లయిన నాలుగేళ్లకు సుభాషిణి నీళ్లోసుకుంది. అంకాలమ్మకు ఆ సంగతి కడుపులో దాగలేదు. చందువాలు కొనడానికి వచ్చిన వాళ్లకు కూడా, తూకం వేస్తూ, "మా కోడలికి ఐదో నెల" అని చెప్పి పంపించేది.

అలాంటి రోజుల్లో, ఆసుపత్రిలో మామూలు పరీక్షలకని వెళ్లి వచ్చిన సుభాషిణి అన్నం ముట్టడం మానేసింది. ముందురోజు చేపలకు ఉప్పు సరిగా పట్టించలేదని తాను కసిరినందుకే అలిగిందనుకుంది అంకాలమ్మ. అందుకని గొంతు తగ్గించి మాట్లాడసాగింది. ఆమె అంత మెల్లగా మాట్లాడటం విని పక్కింటివాళ్లు జ్వరమేమోనని చూసిపోయారు.

సుభాషిణి మాత్రం కరగలేదు. చివరికి ఒక పొద్దున ఇద్దరూ ఒడ్డున పాతవల పరిచి నెత్తళ్లు ఎండబోస్తుండగా, తల ఎత్తకుండానే చెప్పింది.

"అత్తా, నా రక్తంలో హెచ్ఐవి ఉండాదంట. ఆయన్ని కూడా పిలుచుకొని రమ్మన్నారు."

అంకాలమ్మ చేతిలో చేపలు చేతిలోనే ఉండిపోయాయి. చాలా ఏళ్ల కిందట ఆ జబ్బుతోనే పోయిన మనిషి ఒకడు ఆమె కళ్లముందు మెదిలాడు. సరుగుడు తోట పక్కన గుడిసెలో ఒంటరిగా ఉండేవాడు. పాలెం వాళ్లు ఆ దారిన నడవడం కూడా మానేశారు.

"మరి బిడ్డ?" అంది.

"మందు వాడితే బిడ్డకి రాకుండా చూడొచ్చని ఆసుపత్రిలో కౌన్సిలర్ మేడం చెప్పింది. నాకే నమ్మకం కుదర్లా."

"నమ్మకం సంగతి తర్వాత చూద్దాం. రేపు నేనూ వస్తా. ఆ మేడం నాకు చెప్పనీ." అంకాలమ్మ లేచి చీర దులుపుకుంది. "ముందు నువ్వు లేసి ఇంత కూడు తిను. నా మనవడో మనవరాలో, లోపల పస్తుండాది."

మర్నాడు ముగ్గురూ నెల్లూరు పెద్దాసుపత్రికి వెళ్లారు. శివశంకర్‌కూ ఉందని తేలింది. పెళ్లికి ముందు కొన్నాళ్లు అతను మంగుళూరు పడవల మీద పనికి పోయి వచ్చాడు. పరీక్ష గది నుంచి బయటికొచ్చి వరండా మెట్ల మీద కూలబడి, తల్లి ముఖం చూడలేకపోయాడు. అంకాలమ్మ వెళ్లి పక్కనే కూర్చుంది.

"ఎవరినుంచి ఎవరికొచ్చిందనే మాట మన ఇంట్లో ఎత్తకూడదు. ఎత్తినోళ్లకి ఆ పూట పులుసు లేదు. వింటుండావా?"

అతను తల ఊపాడు. సుభాషిణి కూడా ఆ మాట విన్నది. ఎన్నాళ్ల తర్వాతో ఆమె పెదవుల మీద నవ్వులాంటిది ఒకటి కదిలింది.

కౌన్సిలర్ పేరు విజయకుమారి. చిన్నగా, చలాకీగా ఉండే మనిషి. అంకాలమ్మ ఆమె ఎదుట కుర్చీలో పీట వేసుకున్నట్టు కూర్చుని, చేపల మార్కెట్లో అడిగినంత నిస్సంకోచంగా అడిగింది. ఒకే కంచంలో తినొచ్చా? తినొచ్చు. ఒకరు కట్టిన చీర ఒకరు కట్టుకోవచ్చా? భేషుగ్గా. దోమ కుడితే? రాదు. బిడ్డకు తల్లి పాలు పట్టొచ్చా?

"పట్టొచ్చు అంకాలమ్మక్కా. అమ్మ మాత్ర తప్పకుండా వేసుకోవాల. కాన్పు ఆసుపత్రిలోనే కావాల. బిడ్డకి కొన్ని వారాలు చుక్కల మందు వెయ్యాల. ఇవి సరిగ్గా జరిగితే బిడ్డకి రావడం చాలా అరుదు. నా చేతుల మీదుగా గట్టెక్కిన పిల్లలు ఇప్పుడు బళ్లో చదువుకుంటా ఉండారు."

"మాత్ర ఎన్నాళ్లు?"

"జీవితాంతం. రోజుకి ఒకటి."

"అంతేనా? మా వీధిలో మస్తానమ్మత్త బీపీకి, షుగరుకి కలిపి పూటకి నాలుగు మింగుతాది."

విజయకుమారి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వింది.

మాత్ర వేళ గుర్తు చేసే పని అంకాలమ్మ తన మీద వేసుకుంది. చీకటిపడే వేళకు ఎక్కడున్నా సరే, "సుబ్బా, శివా, మాత్ర" అని కేక పెట్టేది. వీధిలో వాళ్లంతా ఇటు తిరిగి చూసేవాళ్లు. సుభాషిణి బతిమాలింది. ఆ మాట మార్చమని వేడుకుంది. అప్పట్నుంచి "దీపం పెట్టినారా" అని అరవడం మొదలుపెట్టింది. ఉన్నట్టుండి అంకాలమ్మకు ఇంత భక్తి ఎక్కడిదని పాలెం ఆశ్చర్యపోయింది.

అయినా ఆసుపత్రి దగ్గర ఎవరో చూశారు. ఎవరితోనో అన్నారు. ఆ మాట నోళ్లు మారి పాలెం చేరేసరికి ఏడో నెల వచ్చింది. అంకాలమ్మ సీమంతానికి ఇంటింటికీ తిరిగి కుంకుమ పెట్టి పిలిచి వచ్చింది. అందరూ వస్తామనే అన్నారు. పిలిచేటప్పుడు కొందరి కళ్లు పక్కకు తప్పుకోవడం ఆమె చూసింది, చూడనట్టు ఊరుకుంది.

చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు ఏటా పెట్టే వేట నిషేధం అప్పుడే మొదలైంది. పడవలన్నీ ఇసుకలోకి లాగేసి, మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ ఇళ్ల దగ్గరే ఉన్నారు. సీమంతం రోజు పొద్దున్నే శివశంకర్ ఇంటి ముందు కొబ్బరాకుల పందిరి వేశాడు. పులిహోర, పెరుగన్నం, కొబ్బరన్నం గిన్నెల్లో సిద్ధంగా ఉన్నాయి. పళ్లెం నిండా ఆకుపచ్చ గాజులు, గంధం, పూలు. విజయకుమారి కూడా నెల్లూరు నుంచి బస్సెక్కి వచ్చింది. పాలెం ఆడవాళ్లు మాత్రం రాలేదు. వీధి చివర కుళాయి దగ్గర, కొత్తచీరలు కట్టుకుని, బిందెలు లేకుండా, గుంపుగా నిలబడి పందిరి వైపు చూస్తున్నారు. రావాలా వద్దా అని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు.

అంకాలమ్మ కొంగు నడుముకు బిగించింది. "ఉండండి. ఒక్కొక్కదాని బండారం బయటపెడతా."

సుభాషిణి ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు అరవొద్దు అత్తా. నేను పోయి చెప్తా."

"నీకెందుకు మే? నువ్వు కూచో."

"నా సీమంతం గదా. నేనే పిలుస్తా."

అనడమే తరువాయి, ఏడు నెలల పొట్టతో, పూలజడతో, పెళ్లిచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వీధిలోకి నడిచింది. అంకాలమ్మ వెనకాలే పోబోతే విజయకుమారి ఆపింది. ఇద్దరూ పందిరి గుంజ దగ్గర నిలబడి విన్నారు.

"మీరు విన్నది నిజమే," అంది సుభాషిణి కుళాయి దగ్గర ఆగి. "నాకు హెచ్ఐవి ఉండాది. మందు వాడతా ఉండా. బాగుండా. నన్ను తాకితే మీకు రాదు, నా చేత్తో పెట్టిన కూడు తింటే రాదు. అనుమానం ఉంటే ఆ మేడం ఆడనే ఉండాది, అడగండి. అడగనూ అడక్క, రానూ రాక, ఈ ఎండలో ఈడ నిలబడితే ఎట్టా?"

గుంపులో అందరికంటే పెద్దది మస్తానమ్మ. నడుం వంగిన మనిషి. చేతికర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చి, సుభాషిణి గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఒళ్లు చేసినావు మే. నేను చిక్కిపోయి ఉంటావేమో అనుకున్నా," అంది. "నా తొమ్మిది కాన్పుల్లో ఒక్క పరీక్షా లేదు. లోపల ఏముండాదో ఆ దేవుడికే తెలుసు. నీకు తెలిసింది, మందు దొరికింది, ఇంక ఏడుపెందుకు? పద, గాజులు యాడ?"

మస్తానమ్మ కదిలాక ఇంకెవరాగుతారు. అందరూ ఒక్కసారే పందిట్లోకి వచ్చిపడ్డారు. ముందు ఎవరు గాజులు తొడగాలనే దగ్గర చిన్న తగాదా కూడా అయింది. సుభాషిణి చేతులు మోచేతుల దాకా పచ్చగా నిండిపోయాయి. చెంపల మీద గంధం అట్టలు కట్టింది. ఒకామె పాట ఎత్తుకుంటే ఇంకొకామె శ్రుతి తప్పించింది. పులిహోర గిన్నె చూస్తుండగానే అడుగంటింది. అంకాలమ్మ మళ్లీ పొయ్యి రాజేయాల్సి వచ్చింది, కళ్లలో నీళ్లకు ఆ పొగే సాకుగా దొరికింది.

అన్నాలు తిన్నాక విజయకుమారి చుట్టూ ఆడవాళ్లు చేరారు. మొదట దోమల గురించి అడిగారు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు చెవి దగ్గరికి వంగారు. మా ఆయన గుజరాతు పడవలకు పోయి వస్తాడు, నేను పరీక్ష చేయించుకోవచ్చా? మా ఆయన్ని ఎట్టా తీసుకురావాల?

ఈ సంగతి పెద్దకాపు గంగాధరం దాకా పోయింది. పాలెంలో తగవైనా పండగైనా ఆయన మాట మీదే నడుస్తుంది. పది మందినీ కూర్చోబెట్టి, విజయకుమారిని కూడా పిలిపించి, "దురాయి వేస్తుండా," అన్నాడు. ఆ పాలెంలో దురాయి అంటే ఇక తిరుగులేని కట్టుబాటు. "పరీక్ష చేయించుకోని మొగోడు నిషేధం ఎత్తినాక పడవ ఎక్కకూడదు."

విజయకుమారి చేతులు జోడించింది. "అది మాత్రం వద్దు పెద్దకాపు గారూ. బలవంతంగా చెయ్యకూడదు. ఎవరిష్టం వాళ్లది. ఎవరి ఫలితం వాళ్లకే చెప్తాం, ఇంకెవరికీ చెప్పం."

గంగాధరానికి ఇది కొత్త. దురాయి లేకుండా పాలెంలో ఏ పనీ జరగడం ఆయన చూడలేదు. "మరి ఎట్టా వస్తారమ్మా వీళ్లు?"

"ముందు మీరు చెయ్యి చాపండి మామా," అంది అంకాలమ్మ. "వాళ్లే వస్తారు."

తుపాను షెల్టర్ గదుల్లో ఆసుపత్రి వాళ్లు పరీక్షల శిబిరం పెట్టారు. అంకాలమ్మ బయట పెద్ద గుండిగలో బొమ్మిడాయిల పులుసు పెట్టింది. పరీక్షకు వచ్చినా రాకపోయినా పులుసు అందరికీ అని ముందే చాటింది. ఆ వాసనకు మగవాళ్లు వలలు వదిలేసి వచ్చి ఇసుకలో కూర్చున్నారు గాని, లోపలికి ఎవరూ అడుగు పెట్టలేదు.

గంగాధరం తలపాగా సర్దుకుని లోపలికి వెళ్లాడు. నడిసముద్రంలో తుపానుకు చిక్కినా పడవ వదలని మనిషి. సూది చూడగానే ముఖం గోడవైపు తిప్పి, కళ్లు గట్టిగా మూసుకుని, ఇంకా గుచ్చకముందే "అబ్బో" అన్నాడు. కిటికీలోంచి తొంగిచూస్తున్న కుర్రకారు పగలబడి నవ్వారు. ఆయన దూది నొక్కి పట్టుకుని బయటికొచ్చి, "నవ్వినోళ్లంతా లోపలికి పోండి, మీ పౌరుషం కూడా చూస్తా," అన్నాడు. ఆ తర్వాత వరస కట్టారు. శివశంకర్ ఆ వరస పక్కనే తిరుగుతూ, భయపడేవాళ్లతో కూర్చుని మాట్లాడాడు. తాను మాత్ర వేసుకుంటున్నానని, నిషేధం ముందుదాకా మునుపటికంటే బలంగా వల లాగానని దాచకుండా చెప్పాడు. మెట్ల మీద తల వంచుకున్న కొడుకు ఇలా మాట్లాడటం చూసి అంకాలమ్మ గరిటె తిప్పడం మరిచిపోయింది.

ఆ రోజు ఎవరికి ఏం తేలిందో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. నిషేధం ఎత్తేశాక దూర రేవులకు పనికి పోయే కుర్రాళ్లకు మాత్రం ఎండుచేపల మూటలు కట్టి ఇస్తూ, విజయకుమారి తెచ్చిచ్చిన కండోమ్ పొట్లాలు కూడా అందులో పెట్టింది. ఒకడు సిగ్గుతో మెలికలు తిరిగిపోతే, "ఏందిరా సిగ్గు? లైఫ్ జాకెట్ ఇస్తే సిగ్గుపడతావా?" అంది. వాడు మూట చంకన పెట్టుకుని పరిగెత్తాడు.

వానాకాలం మొదట్లో, నెల్లూరు ఆసుపత్రిలో సుభాషిణికి ఆడపిల్ల పుట్టింది. పుట్టిన గంటకే చుక్కల మందు పడింది. పాలు బాగా పడాలని పాలెం ఆడవాళ్లు వంతులు వేసుకుని పాలసొర పొరటు వండి పంపారు. సుభాషిణి ఇక సొరచేప వాసన భరించలేనని మొత్తుకునే దాకా ఆ పంపకం ఆగలేదు. పిల్లకు గంగాభవాని అని పేరు పెట్టారు. మధ్యలో చేసిన పరీక్షలన్నీ మంచిగానే వచ్చాయి. ఏడాదిన్నర నిండాక చేసే ఆఖరి పరీక్షే మిగిలింది.

ఆ ఫలితం కోసం వెళ్లిన రోజు అంకాలమ్మ బస్సులో కిటికీ కడ్డీని విడవకుండా పట్టుకుని కూర్చుంది. విజయకుమారి వాళ్లను లోపలికి పిలిచి, ఇక ఊరించకుండా చెప్పేసింది.

"పాపకి లేదు. ఇంక ఈ పరీక్షలు అక్కర్లేదు."

శివశంకర్ కూతుర్ని ఎత్తి గాల్లోకి ఎగరేశాడు. సుభాషిణి అత్త భుజం మీద తల వాల్చింది. అంకాలమ్మ ఆ తల నిమురుతూ విజయకుమారితో, "ఈ ఆదివారం మా ఇంట్లో భోజనం. మీ ఇంటి పిల్లలందరినీ తీసుకొని రావాల. వంజరం వేపుడు," అంది.

బయట వరండాలో, విజయకుమారి గది ముందున్న బల్ల చివర, ఒక పల్లెటూరి పిల్ల ఒంటరిగా కూర్చుని ఉంది. చిల్లకూరు వైపు నుంచి వచ్చిందట. పొట్ట ఎత్తుగా ఉంది. తల దించుకుని చీర అంచు వేలికి చుట్టుకుంటోంది. సుభాషిణి ఆమెను చూసి ఆగింది. ఏమీ అడగలేదు. కూతుర్ని తీసుకెళ్లి ఆమె ఒళ్లో కూర్చోబెట్టింది.

"కాసేపు పట్టుకో చెల్లీ. నా మందులు తీసుకొని వస్తా."

ఆ అమ్మాయి ఉలిక్కిపడి, తర్వాత రెండు చేతులా పిల్లను పొదివి పట్టుకుంది. గంగాభవాని కొత్త ముఖాన్ని ఎగాదిగా చూసి, ముక్కుపుడక లాగి, నచ్చినట్టు ఇకిలించి, ఆమె చీర మీద వెచ్చగా ఉచ్చ పోసేసింది. అంకాలమ్మ గాభరాగా ముందుకొచ్చింది. ఆ అమ్మాయి మాత్రం పిల్లను దించలేదు. తడిసిన చీర వంక ఒకసారి, పిల్ల వంక ఒకసారి చూసి, ఫక్కున నవ్వేసింది.