బేరం తెగని చింతచెట్టు

ఓబుళప్పకు తీపిమాటలు పడవు. ఇచ్చకాలనండి, కాకా అనండి, మస్కా అనండి, ఆ పని చేసేవాణ్ణి గడప తొక్కనిచ్చేవాడు కాదు. భార్య ఉలిగమ్మది మడకశిర పక్క. ఆమె దాన్ని కన్నడం మాటలో బెణ్ణె పూయడం, అంటే వెన్న పూయడం, అనేది. "నీకు బెణ్ణె పూసేదీ ఒకటే, బండకు పూసేదీ ఒకటే" అని నవ్వేది. ఆమె పోయి రెండేళ్లయింది. పిల్లల్లేరు. పెనుకొండ దగ్గరి ఆ ఊళ్లో ఇప్పుడు అతని గుమ్మంలోకి వచ్చేవాళ్లూ లేరు. అందరినీ ఎప్పుడో ఒకప్పుడు మొహం మీదే కడిగేసి ఉన్నాడు.

మాఘమాసంలో తిమ్మరాజు వచ్చాడు. హిందూపురం మార్కెట్టుకు చింతపండు తోలే వ్యాపారి. కాయ చెట్టు మీదుండగానే గుత్తకు మాట్లాడుకుని, మనుషుల్ని పెట్టి దులిపించుకుని పోతాడు. ఓబుళప్ప దొడ్లో ఉన్నది ఒక్కటే చెట్టు.

"చెట్టంటే ఇదప్పా," అన్నాడు బండి దిగకముందే. "కదిరి దాకా తిరిగినా ఇంత కండ ఉన్న కాయ చూడలా. నీ వయసులో ఇంత కళ ఉన్న మొగమూ చూడలా."

వీడు ఒట్టి సోపుగాడు అనుకున్నాడు ఓబుళప్ప. పొమ్మనడానికి నోరు తెరిచాడు. "కూచో" అన్న మాట వచ్చింది.

తిమ్మరాజు చెప్పిన ధర సరైనదే. కానీ ఊ అంటే కాయ దులుపుకుని పోతాడు, మళ్లీ ఏడాది దాకా ఈ పక్కకు రాడు. ఓబుళప్ప ఊ అనలేదు. ఆలోచించి చెప్తానన్నాడు. వారం తిరగ్గానే తిమ్మరాజు మళ్లీ వచ్చాడు. అట్లా వారం వారం. అరుగు మీద కూర్చుని చెట్టును పొగిడేవాడు, మనిషిని పొగిడేవాడు, నోట పెట్టలేని టీని కూడా పొగిడి తాగేవాడు. ఒక్క మాటా నిజం కాదు. ఆ మాటల కోసం ఓబుళప్ప పొద్దున్నే అరుగు ఊడ్చి పెట్టుకునేవాడు.

పక్కింటి ఎర్రిస్వామి గోడ మీంచి తొంగి చూశాడు.

"ఏమప్పా, మేం పలకరిస్తే తిట్లు. ఆ హిందూపురమోడు బిస్కెట్లేస్తాంటే నముల్తా కూచుంటావే."

"నాకు పండ్లుండాయి, నముల్తా. నీకేం నొప్పి?"

"నాకేం లేదబ్బా. కాయ రాలిపోతాండాది, అది చూసుకో."

ఉగాది దాటాక వాన పట్టుకుంది. రాలిన కాయ బురదలో కలిసింది. చెట్టు మీదున్నది నల్లబారి పురుగు పట్టింది.

తెరిపిచ్చాక తిమ్మరాజు వచ్చాడు. కాయ ఒకటి విరిచి చూసి పారేశాడు. ఈసారి దేన్నీ పొగడలేదు.

"ఇన్నిసార్లు తిప్పుకుని ఇట్లా చేస్తివే. దీన్నింక ఎవరూ కొనరప్పా. నేను పోతా. ధర్మవరం పక్క ఒక తోపు మాట్లాడుకోవాల."

బండి తాళం తిప్పాడు. ఓబుళప్ప అరుగు దిగి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ఇన్నేళ్ల బతుకులో ఎవరి దగ్గరా చేయని పని చేశాడు.

"తిమ్మరాజూ. నీ అంత ఓర్పుండే వ్యాపారిని నేను చూడలేదప్పా. నీ మాట వింటే కడుపు నిండుతాది. నీ ఇంటామె పెట్టి పుట్టింది."

తన చెవికే ఎబ్బెట్టుగా ఉంది. వీడు నవ్వుతాడనుకున్నాడు. తిమ్మరాజు బండి ఆపేశాడు.

"నిజంగా అంటాండావా?"

"నాకు అబద్ధం చేతకాదు."

"ఇంట్లో నన్ను నోటి దూలోడు అంటారప్పా. ఒక్కరన్నా ఇట్లాంటి మాట అనలా." ఫోను తీసి నంబరు నొక్కాడు. "ఉండు, ఈ మాట మా ఆమెకు చెప్పు."

ఫోను ఓబుళప్ప చేతికి వచ్చింది.

"ఎవరన్నా?" అంది ఆడగొంతు.

"పెనుకొండ కాడ్నుంచమ్మా. మీ ఆయన శానా మంచోడని చెప్తాండా."

"సంతోషమన్నా," అంది ఆమె. తర్వాత మర్యాదకు అడిగింది. "వదిన బాగుండాదా?"

ఓబుళప్ప తెరిచి ఉన్న వాకిలి వైపు చూశాడు.

"బాగుండాదమ్మా," అన్నాడు.

తిమ్మరాజు ఫోను జేబులో వేసుకుని, ఈల వేసుకుంటూ పోయాడు. మళ్లీ ఎప్పుడొస్తావని ఓబుళప్ప అడగలేదు. అడిగితే ఏం చెప్తాడో తెలుసు. తప్పకుండా వస్తానప్పా అంటాడు.