కెమెరా నిలబడే కార్డు

ఉషారాణికి ఒళ్ళంతా చచ్చుబడిపోయింది, కళ్ళు తప్ప. నరాల జబ్బు మాటను కూడా తీసుకుపోయాక ఆమెకు మిగిలింది మంచం ఎదురుగా ఉన్న కంప్యూటరే. తెర మీద ఆమె చూపు ఏ అక్షరం దగ్గర ఆగితే కింద ఉన్న కెమెరా దాన్ని పట్టుకుంటుంది, వాక్యం పూర్తయితే స్పీకరు పైకి చదువుతుంది. లినక్స్‌లో నడిచే ఆ ప్రోగ్రాము ఎక్కించినవాడు భర్త యుగంధరే. నిడదవోలు స్టేషను రోడ్డులో ఏళ్ళ తరబడి ఇంటర్నెట్ సెంటర్ నడిపిన మనిషికి అదేం పెద్ద పని కాదు.

వానాకాలంలో పిడుగు పడి కంప్యూటరుకున్న యుఎస్‌బి పోర్టులన్నీ మాడిపోయాయి. యుఎస్‌బి పోర్టులున్న చవక కార్డు చేతికందినది ఒకటి లోపల బిగించి, కెమెరా తీగ దానికి తగిలించాడు. ఆ కార్డుకి కెమెరాకి చాలినంత కరెంటు ఇచ్చే సత్తా లేదు. వాక్యం సగంలో ఉండగా కెమెరా ఆరిపోయేది. మళ్ళీ మొదలెట్టి, మళ్ళీ ఆమె కళ్ళకు సరిచేసేసరికి పాపం అలసిపోయేది.

అప్పుడే డాక్టరు గారు ఆ ప్రశ్న వేశారు. ఊపిరి అందకుండా పోయే రోజు దగ్గరకొచ్చింది, గొంతుకు గొట్టం పెట్టి మెషీను మీద ఉంచాలా, వద్దా? "రెప్పలు వాటంతటవే కొట్టుకుంటున్నాయండి, వాటిని నమ్మలేం. ఆవిడ మాటల్లోనే కావాలి, లేకపోతే గొట్టం పెట్టేయాల్సిందే" అన్నారు.

మరునాడే ఉషారాణి మొదలుపెట్టింది. 'నాకు గొట్టం' వరకు వచ్చింది. కెమెరా పోయింది.

యుగంధర్‌కి కొండంత ఊరట కలిగింది. తర్వాత తన మీద తనకే అసహ్యం వేసింది గానీ, ముందు కలిగింది ఊరటే. ఆమె ఏం చెప్పబోతోందో అతనికి తెలుసు. మాట ఉన్న రోజుల్లోనే చెప్పింది, మెషీను మీద బతకనని.

ఇక అప్పట్నించీ కార్డు ఎంచుతూనే ఉన్నాడు. నెట్‌లో ఎవరెవరో రాసినవన్నీ చదివాడు. ఏ చిప్ లినక్స్‌కి పడుతుంది, ఏది వేడెక్కుతుంది అని బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. ఒకప్పుడు షాపుకొచ్చిన వాళ్ళకి నిలబడ్డపాటున చెప్పేసిన మనిషే! ఒక కార్డు తెచ్చాడు, అదీ అంతే. ఇంకోటి తెచ్చాడు. జాగ్రత్త అనుకున్నాడు గానీ, ఉత్త పిరికితనం.

డాక్టరు గారు మళ్ళీ వస్తానన్న రోజుకి ముందురోజు రాజమండ్రి వెళ్ళాడు. కంప్యూటర్ షాపు దుర్గాసాయి ఒక డబ్బా తీసి గల్లా మీద పెట్టాడు.

"పోయినసారీ ఇదే చూపించానండి. లినక్స్‌కి డ్రైవరు వెతుక్కోనక్కర్లేదు, పెట్టగానే పట్టుకుంటది. కరెంటు నేరుగా పవర్ సప్లై నించే తీసుకుంటదండి. ఒక్కో పోర్టుకీ విడిగా చిప్ ఉంది, ఒకటి పోయినా పక్కది పోదు."

"వేడెక్కదా?"

"ఎక్కదండి."

"మా బోర్డు పాతది."

"బోర్డు నెంబరు మీరు చెప్పాకే తెప్పించానండి. మేడం గారు మాట్లాడాలంటే ఇదే పెట్టండి."

వంకలు అయిపోయాయి. యుగంధర్ డబ్బా తీసుకుని బస్సెక్కాడు. కొవ్వూరు వంతెన దాటుతుంటే కిటికీలోంచి నీళ్ళలోకి విసిరేద్దామా అనిపించింది. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

కార్డు బిగించాడు. కెమెరా వెలిగింది. ఉషారాణికి సాయంగా పిఠాపురం నుంచి వచ్చిన ఆమె అక్క రత్నమాణిక్యం పక్కనే నిలబడింది. చూపు ఒక్కో అక్షరం మీదా ఆగుతూ కదిలింది. కాసేపటికి స్పీకరు చదివింది.

"అక్కా, నువ్వు అన్నం తిను."

ఎన్నాళ్ళకో ఆమె నోట ఒక మాట నిండుగా వచ్చింది. రత్నమాణిక్యం ఏడుస్తూ నవ్వింది. "తింటానే తల్లీ, తింటాను" అంటూ వంటింట్లోకి వెళ్ళింది.

గదిలో ఇద్దరే మిగిలారు. తెర మీద మళ్ళీ అక్షరాలు పడసాగాయి. 'ఏవండీ. బాధపడకండి.' 'నాకు గొట్టం'. కెమెరా దీపం వెలుగుతూనే ఉంది. అతను దాన్నే చూశాడు, ఆరిపోతుందేమోనని. ఆరలేదు. ఉషారాణి చూపు తర్వాతి అక్షరం మీదికి జరిగింది.

యుగంధర్ వంగి, కంప్యూటరు వెనక నుంచి కెమెరా తీగ పీకేశాడు.

వంటింట్లోంచి కేక వినిపించింది. "మరిదిగారూ, ఏమంటోందండీ?"

"కెమెరా పోయింది వదినా."

"ఇదీ అంతేనా! ఆ షాపాయన్ని ఇవాళ ఊరికే వదలనండి, నెంబరివ్వండి" అంటూ రత్నమాణిక్యం చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చెల్లెలి చూపు తెర మీద లేదు, యుగంధర్ మీద ఉంది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల దాకా కారుతున్నాయి.

"అస్తమానూ ఆ తెర వంకే చూసి చూసి మండుతున్నట్టున్నాయి" అని ఆమె కొంగుతో చెల్లెలి కళ్ళు తుడిచింది.

"అవును వదినా" అన్నాడు యుగంధర్.