ఎక్కడ నిలబడి తీశారు?

ఇస్త్రీపెట్టె చొక్కా ఒక చెయ్యీ, కాలరూ దాటి జేబు మీదికి వచ్చింది. అక్కడికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఎప్పుడూ కాస్త నెమ్మదిస్తుంది. ఆ నీలం చొక్కా జేబు మూడు నెలల కిందట అంచు చిరిగితే, ఇంట్లో నీలం దారం అయిపోయి ఆకుపచ్చ దారంతో కుట్టింది. "కళ్ళు మూసుకుని కుట్టావా?" అన్నాడు భర్త. ఆఫీసులో రెండు రోజులు అతన్ని పచ్చజేబు సారు అని పిలిచారట. ఆ రెండు రోజులూ ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైంది, టీ చల్లారిపోయింది, తలుపులు దబదబా పడ్డాయి.

"ఈ చొక్కా ఎవరిది?"

ఆమె తలెత్తింది. అతను బనియనుతో గుమ్మంలో నిలబడి ఫోను ఆమె వైపు తిప్పి పట్టుకున్నాడు. తెర మీద అదే చొక్కా. దొడ్లో తీగ మీద మంచుకి బిగుసుకుపోయి, రెండు చేతులూ పక్కలకి చాచి, లోపల మనిషి లేకుండానే నిటారుగా నిలబడి ఉంది. వెనకంతా తెల్లటి పొగమంచు. జేబు అంచున సన్నటి పచ్చగీత.

"మా సెక్షన్ గ్రూపులోకి వచ్చింది. ఎవరో కిటికీ గారట, భలే తీశారట. టైపిస్టు ఏం రాసిందో చూడు. 'సార్, ఇది మీ జేబేగా? ఇంతకీ లోపల మీరేరీ?' దాని కింద పదిహేనుమంది పళ్ళికిలించారు. మన దొడ్లోకొచ్చి ఫోటో తీసిన ఈ కిటికీ గాడెవడు?"

ఆమె ఇస్త్రీపెట్టెని నిలబెట్టింది. గోడ గడియారంలో తొమ్మిదింబావు. పదింటికల్లా ఆమె లైబ్రరీ హాల్లో ఉండాలి. అతను ఆఫీసుకి వెళ్ళాక, అత్తగారి మందులు అయిపోయాయని చెప్పి బయటపడాలనుకుంది. ఆ మాట రాత్రి నుంచి నాలిక చివర సిద్ధంగా పెట్టుకుంది. ఇప్పుడది అక్కడే కరిగిపోయింది.

"నేనేనండీ," అంది.

కిందటి చలికాలం అతను కొత్త ఫోను కొనుక్కుని పాతది ఆమెకిచ్చాడు. మూల పగిలింది గానీ కెమెరా బాగానే ఉంది. ఒకరోజు పొద్దున్నే గిన్నెలు కడుగుతుంటే వేడినీళ్ళ ఆవిరి కిటికీ అద్దం మీద పరుచుకుంది. అందులోంచి ఎదురింటి కప్పు, దాని మీద కూర్చున్న పిట్టా నీళ్ళలో ఉన్నట్టు కనిపించాయి. చేతులు కొంగుకి తుడుచుకుని ఒక ఫోటో తీసింది. ఎవరికి చూపించాలో తెలియలేదు. అత్తగారికి చూపిస్తే, "అద్దం తుడవాల్సింది పోయి ఫోటో తీశావా?" అంది. ఆమె అద్దం తుడిచింది.

ఊళ్ళో భూగోళం చెప్పి రిటైరైన మాస్టారు ఒకాయన ఫోటోల గ్రూపు నడుపుతున్నాడని పక్కింటావిడ చెప్పింది. కెమెరా విద్య రానివాళ్ళే అందులో ఎక్కువ. చలికాలం, చెట్లు, వీధులు, ఇంటి పనులు, ఎవరికి ఏది కనిపిస్తే అది పెట్టుకోవచ్చు. మాస్టారిది ఒకటే షరతు. ఫోటో కింద ఒక్క వాక్యం ఉండాలి. "ఎక్కడిది అని కాదు బాబూ, మీరు ఎక్కడ నిలబడి తీశారో రాయండి," అంటాడు. ఆమె కిటికీ అనే పేరుతో చేరింది. మొదటి ఫోటో కింద, "గిన్నెలు కడిగే చోటు నుంచి" అని రాసింది.

"భలే ఉంది కిటికీ సార్," అన్నారు ఎవరో. తర్వాత అందరూ సారే అన్నారు. ఇంట్లో ఎవరూ గారు అనని మనిషిని ఊరు సారు అంటుంటే ఆమెకి దిద్దబుద్ధి కాలేదు. ఆ పిలుపు తలుచుకుని రెండు మూడు రోజులు గిన్నెలు కడుగుతూ తనలో తను నవ్వుకుంది. తొమ్మిదేళ్ళుగా ఈ ఇంట్లో ఆమెని ఎక్కడికి అని అడిగేవాళ్ళే గానీ, ఎక్కడ నిలబడ్డావని అడిగినవాళ్ళు లేరు. వీధి చివరికి వెళ్ళినా ఎక్కడికి, దొడ్లోకి వెళ్ళినా ఎక్కడికి. అతను మాత్రం చెప్పులు తొడుక్కుని ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోతాడు. వెళ్ళాక కొంతసేపటికి, ఇంట్లో లేడని తెలుస్తుంది.

చొక్కా ఫోటో పెట్టి పది రోజులైంది. మాస్టారు దాన్ని లైబ్రరీలో పెట్టే ప్రదర్శనకి ఎంచాడు. గోడెత్తున అచ్చు వేయించి నిన్నే తగిలించారు. కింద తెల్లచీటీ ఖాళీగా ఉంది. "ఎవరి చీటీ వాళ్ళే, వాళ్ళ చేత్తో, అసలు పేరుతో రాయాలి. పదింటికి చీటీ ఖాళీగా ఉంటే ఫోటో దించేస్తాను, నాకు మొహమాటాల్లేవు," అని గ్రూపులో రాశాడు. పేరు రాయడమంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఆమె రాత్రంతా ఆలోచించింది. రేషను కాగితాల్లో తప్ప తన పేరు తను రాసుకుని ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు.

"నువ్వా?" అన్నాడు అతను. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "అమ్మా, ఇలా రా. నీ కోడలి ఘనకార్యం చూద్దువుగాని."

అత్తగారు మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడింది. అతను తన ఫోనులో ఆ ఫోటో కిందున్న లింకు నొక్కి, మాస్టారి గ్రూపులోకి వెళ్ళి కిటికీ పెట్టిన ఫోటోలు ఒక్కొక్కటే తెరిచాడు. ఫోటోలు చూడలేదు, కింద రాసినవి చదివాడు. "గిన్నెలు కడిగే చోటు నుంచి. బట్టలు ఆరేసే తీగ దగ్గర నుంచి. పెరటి గుమ్మంలోంచి, చెత్తబుట్ట చేత్తో పట్టుకుని. నీళ్ళు కాగేలోపు, పొయ్యి పక్క నుంచి. మళ్ళీ గిన్నెలు కడిగే చోటు. మళ్ళీ తీగ. ఇదేమిటి, అత్తయ్య గదిలోంచి, కాళ్ళు పడుతూ, ఒక్క చేత్తో?"

"నన్ను కూడా ఎక్కించిందా?" అత్తగారు ముందుకు వంగింది. "నా కాళ్ళు పడ్డాయా అందులో?"

"పడలేదత్తయ్యా. మీ కిటికీలోంచి కనిపించే చెట్టు."

"ఎక్కించినట్టేగా! కాళ్ళు పట్టించుకుంటోందని ఊరంతా చెప్పుకోవడానికి."

"యాభై ఆరు ఫోటోలు," అన్నాడు అతను. గొంతు పెరిగింది. "యాభై ఆరు చోట్ల మా పరువు తీశావు. ఇది చదివినవాడు ఏమనుకుంటాడు? మేం నీచేత రాత్రీ పగలూ గొడ్డుచాకిరీ చేయిస్తున్నామనుకోడూ? నీకేం లోటు చేశానని ఇంతమందికి ఫిర్యాదు చేసుకున్నావ్?"

ఫిర్యాదా? ఆ వాక్యాలు రాసేటప్పుడు ఆమెకి ఏడుపు గానీ కోపం గానీ రాలేదు. వెలుతురు ఎటు పడుతోందో, మంచు ఎంతసేపు ఆగుతుందో, అంతవరకే చూసింది. కానీ అతను గట్టిగా వరసపెట్టి చదువుతుంటే ఎవరో తన తొమ్మిదేళ్ళూ చదివినట్టుంది. అన్నీ ఆ నాలుగైదు చోట్లే. పోయిన వారం గ్రూపులో రిటైరైన ముసలి నర్సు ఒకావిడ అడిగింది, "కిటికీ సార్, మీరు వీధి గుమ్మం ముందు నిలబడి ఒక్క ఫోటో అయినా తీయలేదేం?" అని. జవాబు రెండుసార్లు రాసి రెండుసార్లూ చెరిపేసింది.

"నేను ఫిర్యాదు రాయలేదండీ," అంది. "ఎక్కడ నిలబడ్డానో రాశాను."

ఇస్త్రీపెట్టె టిక్కుమని చప్పుడు చేసింది.

"నీ ఫోనిలా ఇవ్వు."

ఇచ్చింది. అతను మంచం అంచున కూర్చుని చెరపడం మొదలుపెట్టాడు. పిట్టా, కప్పూ, మంచు పట్టిన సాలెగూడూ బొటనవేలి కింద ఒక్కొక్కటే పోయాయి. "ఒక్కోటీ ఎంతసేపు పీకుతావురా, ఆఫీసుకి వేళవుతోంది, మొత్తం ఊడబెరికెయ్యి," అంది అత్తగారు. చివరికి గ్రూపులోంచే ఆమెని తీసేశాడు. "పీడ విరగడైంది. ఇక కిటికీ లేదు, తలుపూ లేదు. ఆ రెండో చెయ్యి కూడా ఇస్త్రీ చేసి తగలెయ్యి."

తొమ్మిదీ ముప్పై అయిదు. లైబ్రరీకి నడిస్తే పదిహేను నిమిషాలు. గోడెత్తు అచ్చు సంగతి అతనికి తెలియదు. అతని చేతిలో ఉన్నది అరచేతంత తెర. అతని చొక్కా, అతని ఒళ్ళు ఎరగనంత నిటారుగా, ఊరి నడిమధ్య గోడ మీద చేతులు చాచి నిలబడి ఉంది. దానికి ఇప్పుడు కావలసింది ఆమె చేతిరాత, అది ఏ ఫోనులోనూ లేదు.

ఆమె చొక్కా రెండో చెయ్యి పరిచింది. నీళ్ళు చిలకరించింది. ఇస్త్రీపెట్టె అందుకుని, దాన్నే ఒక్క క్షణం చూసి, మళ్ళీ పక్కన పెట్టి ప్లగ్గు పీకేసింది.

"ఏమైంది? కరెంటు పోయిందా?" అన్నాడు.

ఆమె శాలువా కప్పుకుంది. చెప్పులు పెరటి గుమ్మం దగ్గర ఉంటాయి, ఆమెవి ఎప్పుడూ అక్కడే. వెళ్ళి వాటిని చేత్తో పట్టుకుని తెచ్చింది. వంటగదిలోంచి, అత్తగారి కుర్చీ పక్క నుంచి, అతని మోకాళ్ళ ముందు నుంచి, ఇల్లంతా దాటుకుంటూ వీధి గుమ్మం దాకా.

"ఎక్కడికి?"

తలుపు తీసింది. చలి ముఖానికి కొట్టింది.

"నిన్నేనమ్మా, వాడు అడుగుతుంటే వినపడట్లా? ఎక్కడికి?"

చెప్పులు మెట్టు మీద వేసి కాళ్ళు దూర్చింది. వీధిలో పొగమంచు ఇంకా విడలేదు. ఎదుటి దీపస్తంభం నడుము దాకానే ఉంది, కింద ఎవరిదో సైకిల్ చక్రం తడినేల మీద సన్నటి గీత గీసుకుంటూ పోయింది. ఈ గుమ్మం ముందు నిలబడి ఇంతసేపు చూడటం ఆమెకి ఇదే మొదటిసారి. వెనక అతను లేచి వస్తున్న చప్పుడైంది. ఒక చెయ్యి నున్నగా, ఒక చెయ్యి ముడతలతో ఉన్న చొక్కా అతని చేతిలో వేలాడుతోంది.

"ఎక్కడికే?"

ఆమె మెట్టు దిగి, గేటు తీసి, ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయింది.