మామ అడగని మాట

మిన్‌షియెన్ కొండల్లో ఏ చేను చూసినా తాంగ్‌క్వెయ్ దుంపలే. ఒంట్లో రక్తం పట్టించే వేరది. దాని గుణం వైద్యుడు ఛియావ్ వెన్‌పోకి తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు. ఆ మాట ఆయనే చెప్పుకునేవాడు, అక్కడే వచ్చింది చిక్కు.

ఆ ఏడు వసంతంలో కోడలు పెయ్‌లాన్ పెదాలు పాలిపోవడం ఆయన కంటబడింది. నీళ్ల కావడి ఎత్తితే ఆయాసం, నాలుగు మెట్లెక్కితే కళ్లు తిరగడం. పట్నంలో ఎవరో ఇనుము బిళ్లలిస్తే, ముసలాయన వాటిని అటక మీద పడేశాడు. మట్టిలోని ఇనుమును మొక్క తాగాలి, ఆ మొక్క రసం మనిషి తాగాలి, అప్పుడే ఒంటికి పడుతుందని పెద్ద ఉపన్యాసమిచ్చాడు. రోజూ తెల్లవారకముందే లేచి, ఆ వేరూ ఎండు రేగుపళ్లూ మట్టికుండలో వేసి, మూడు గిన్నెల నీళ్లు ఒక గిన్నెకి దిగేదాకా కాచేవాడు.

నాడి పట్టాడు, నాలుక చూశాడు. అడగాల్సిన ఒక్క మాట మాత్రం అడగలేదు. కోడలి నెలసరి సంగతి మామ అడగడమా? ఆ ఊళ్లో ఎవరూ అడగరు. వైద్యానికొచ్చిన ఆడవాళ్లని ఆయన భార్య లోపలికి తీసుకెళ్లి ఆ సంగతి కనుక్కొచ్చేది. ఆవిడ పోయి రెండేళ్లయింది. కొడుకేమో లారీ మీద తిరుగుతూ ఎప్పుడో ఇంటికొస్తాడు. ఇక అడిగేదెవరు? నాడే అన్నీ చెబుతుందిలే అని సరిపెట్టుకున్నాడు. నాడి సగమే చెప్పింది. మనిషి ఇంకా పాలిపోతుంటే, మందు చాలట్లేదనుకుని మోతాదు రెట్టింపు చేశాడు. ఖర్మ కాకపోతే ఏమిటి!

దుంపలు తవ్వే రోజుల్లో పెయ్‌లాన్ చేలోనే పడిపోయింది. పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ, ఎన్నాళ్లుగా రక్తం పోతోందని ఆయన్నే అడిగింది. ఆయన గోడకేసి చూశాడు. గర్భసంచిలో గడ్డ ఉందనీ, ఏడాదిగా నెలలో సగం రోజులు రక్తం పోతూనే ఉందనీ, ఆ వేరు దాన్ని ఇంకా ఎక్కువ చేసిందనీ, కోడల్ని పరీక్షించి, అడిగి తెలుసుకుని డాక్టరమ్మే చెప్పింది. మందు తాగినకొద్దీ ఎక్కువవుతోందని కోడలికి తెలుసట.

ముసలాయన మంచం పక్కన కూలబడ్డాడు.

"తెలిసీ ఎందుకు తాగావమ్మా?"

పెయ్‌లాన్ కళ్లు తెరవడానికే కష్టపడింది. "అంత చలిలో లేచి కాచేవారు కదా మామయ్యా. వద్దని ఎట్లా అనేది?"

మూడో రోజు పొద్దున ఆమె పోయింది. ఆసుపత్రి వరండాలో, అంతమంది చూస్తుండగా, ఆయన గుండెలు బాదుకుని ఏడ్చాడు.

ఇప్పుడు ఏ ఆడమనిషి వచ్చినా నాడి పట్టకముందే ఆ ప్రశ్న అడుగుతాడు, అదీ గట్టిగా. ముసలాడికి సిగ్గు లేకుండా పోయిందని ఊళ్లో చెప్పుకుంటున్నారు.