దీపం లేని లైట్‌హౌస్

బొమ్మ ఇటుకల పెట్టె తెరిచే ముందు నేను సబ్బుతో చేతులు కడుక్కుంటాను. తర్వాత చిన్న ప్రార్థన. ఆ తర్వాతే అట్ట చిరగకుండా, అంటించిన చోట మాత్రం కత్తితో కోసి మూత తీస్తాను. ముక్కల్ని రంగులవారీగా కాఫీ సాసర్లలో పోస్తాను. ఒక పెట్టెలోని ముక్క ఇంకో పెట్టె బొమ్మలోకి పోకూడదు. ఆఖరి ముక్కను లేచి నిలబడి, టోపీ తీసి పెడతాను. ఇవన్నీ దేవుడు అడిగాడా అంటే, లేదు. ఆయన అడిగినవాటిని ఇంత శ్రద్ధగా ఎందుకు చేయనో నాకూ తెలియదు.

ఈ బొమ్మ ఇటుకలు పుట్టిన మా జట్లాండ్‌లో పెద్దవాళ్లు వాటిని పేరిస్తే ఎవరూ నవ్వరు, మా ఆవిడ డాగ్నీ తప్ప.

ఆ శనివారం నా లైట్‌హౌస్ పూర్తి కావచ్చింది. మర్నాడు ఆరాధన కాగానే చర్చి హాల్లో, కాఫీ బల్ల పక్కన దాన్ని అందరూ చూసేలా పెట్టాలి. పోయినేడు ఆ చోటు మా వీధి ఆస్గర్ కట్టిన గాలిమరకు దక్కింది. ఈ ఏడు నా వంతు. ఇక మిగిలింది పైన పెట్టాల్సిన గుండ్రటి ఎర్ర ముక్క ఒక్కటే. దీపం అదే.

టోపీ తీశాను. అప్పుడే ఎవరో తలుపు తట్టారు. మా పాస్టరు సోల్వై. పక్కనున్న చర్చిలో పెళ్లి జరిపించి, నల్లంగీతో, మెడ చుట్టూ చక్రంలా ఉండే గంజిపెట్టిన తెల్ల మడతల కాలరుతో అలాగే కాఫీకి వచ్చేసింది.

"టోపీ చేతిలో పట్టుకున్నావేంటి ఎబ్బే, ఎవరన్నా పోయారా?"

"లేదు సోల్వై, దీపం పెట్టబోతున్నా."

"ఏదీ, చూడనీ!" అంటూ బల్ల మీదికి బాగా వంగి, లైట్‌హౌస్ గుమ్మంలోకి తొంగి చూసింది. ఆమె కాలరు సాసర్లన్నిటినీ రాసుకుంటూ పోయింది.

కాఫీ తాగి ఆమె వెళ్లాక చూస్తే ఎర్ర ముక్క ఉన్న సాసరు ఖాళీ.

బల్ల కింద పాకాను. చెత్త పీల్చే యంత్రం సంచిని పేపరు మీద దులిపాను. డాగ్నీ చెప్పులు కూడా తిరగేశాను. సంగతి తెలిసి ఆస్గర్ సంతోషంగా వచ్చాడు.

"నా దగ్గర అలాంటివి గుప్పెడున్నాయి. ఒకటి తీసుకో."

"వేరే పెట్టెది నాకొద్దు."

"దీపం లేకపోతే అది లైట్‌హౌస్ కాదయ్యా, పొగగొట్టం!"

అతను పోయాక డాగ్నీని అడిగాను. "దేవుడికి మన తలవెంట్రుకల లెక్క కూడా తెలుసంటారు. నా ముక్క ఎక్కడుందో తెలియదంటావా?"

"తెలిసే ఉంటుంది. నీకు చెప్పబుద్ధి కాలేదేమో."

ఆదివారం పొగగొట్టాన్నే హాల్లో పెట్టి, ముందు వరసలో కూర్చున్నాను. సోల్వై ప్రసంగం మొదలుపెట్టింది. కిటికీలోంచి ఎండ పడింది. ఆమె కాలరు మడతలో ఎర్రగా ఏదో మెరిసింది.

నా దీపం!

ఆమె తల ఊపినప్పుడల్లా నేను బెంచీ అంచుకు జరిగాను. అది రాలి నేల చెక్కల సందులో పడితే ఇక దొరకదు. నా మెడ చూపిస్తూ సైగ చేశాను. వినబడటం లేదనుకుని ఆమె గొంతు పెంచింది. మళ్లీ సైగ చేశాను. నీళ్లు తాగి, ఇంకా పెంచింది. వెనకాల నిద్రపోతున్నవాళ్లందరూ లేచారు.

ఆరాధన అయ్యాక ఆమె గుమ్మం దగ్గర నిలబడి అందరితో చేయి కలుపుతోంది. నా వంతు రాగానే ఆ చేయి గట్టిగా పట్టుకుని, ఆమె మెడ మీదికి వంగాను.

"ఎబ్బే!"

"కదలకు సోల్వై. నీ మెడలో నా దీపం ఉంది."

నా వెనక వరసలో ఉన్నవాళ్లందరూ మెడలు చాచారు.

"ఇన్నేళ్లలో నాతో ఒక్కసారైనా ఇలాంటి మాట అన్నావా?" అంది డాగ్నీ. అంటూనే తన జడపిన్ను తీసి, మడతలోంచి ముక్కను బయటికి లాగింది.

సోల్వై పగలబడి నవ్వుతూ ఆ ముక్క లాక్కుంది. నేను నోరు తెరిచేలోపు హాల్లోకి నడిచి, ఊరందరితో కలిపిన చేత్తోనే దాన్ని లైట్‌హౌస్ మీద నొక్కేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను దగ్గరికెళ్లి చూశాను. ప్రతి ముక్క నెత్తిన ఉండే బొడిపె మీద సన్నటి అక్షరాలుంటాయి. నా లైట్‌హౌస్‌లో ఆ అక్షరాలన్నీ ఒకే వైపు చూస్తాయి. దీపం మీదివి మాత్రం హాలు పక్క వంటగది వైపు చూస్తున్నాయి.

మెల్లగా చేయి చాపాను. డాగ్నీ నా మణికట్టు పట్టుకుంది.

"పాస్టరు పెట్టిందది."

"కొంచెం తిప్పుతానంతే."

"కేకు తిను," అని ఓ ముక్క నా నోట్లో కుక్కింది.

ఇంతలో ఆస్గర్ కళ్లజోడు సర్దుకుంటూ వంగాడు. వాడికి తెలియకుండా ఉంటుందా!

"ఎబ్బే, నీ దీపం పక్కకి తిరిగిందయ్యా."

"తిరగనీ," అన్నాను. మాటైతే వచ్చింది గానీ, కేకు మాత్రం చాలాసేపు గొంతు దిగలేదు.