తోమాకు చెప్పిన సాక్ష్యం

పొద్దు పొడవంగానే ఓబన్నకు మొదటి పని టమోటా చేనికి నీళ్ళు కట్టడం, రెండో పని తోమాకు సద్ద రొట్టె పెట్టడం. ఆలూరు పక్కనుండే వాళ్ళ ఊర్లో బోరు నీళ్ళు వచ్చేది ఆ కాసేపే కాబట్టి మొదటిది తప్పదు. రెండోది తప్పితే తోమా ఊరుకోదు.

తోమా ఎర్రమన్ను రంగు ఊరకుక్క. పిల్లప్పుడు ఏది పెట్టినా అటూ ఇటూ వాసన చూసిగానీ ముట్టేది కాదు. ఏసుప్రభువు గాయాలు వేలుపెట్టి చూస్తేగానీ నమ్మనన్న శిష్యుడు తోమా మాదిరి ఉందని ఓబన్న దానికి ఆ పేరే పెట్టినాడు. అపొస్తలుని పేరు కుక్కకా అని హెన్రీ పాస్టరు మొదట్లో గొణిగినాడు గానీ, ఆదివారం చర్చి మెట్ల మీద అది మెదలకుండా కూర్చునే తీరు చూసి, లోపల కునికిపాట్లు పడేవాళ్ళకన్నా ఇదే నయమని ఒప్పుకొన్నాడు.

ఓబన్న యాభై దాటిన మనిషి. పెండ్లాం పోయి శానా యేండ్లయింది. ఒక్కగానొక్క కూతురు ఆరాధన ఎర్రగుంట్లలో ఉంటుంది, అల్లుడు సిమెంటు లారీ తోలుతాడు. ఇంట్లో మిగిలింది ఆయనా, తోమా. మాటలంటే ఆయనకు మహా పొదుపు. పత్తికొండ మార్కెట్టులో తన టమోటాలకు వేలంపాట జరుగుతున్నా తలకాయ ఊపి వచ్చేసే రకం.

అట్లాంటి ఇంట్లో ఎండాకాలం మొదట్లో కుక్కకు పిడుదుల జ్వరం తగులుకొనింది. తోమా రొట్టె ముట్టలేదు, పడుకున్న చోటు నుంచి లేవలేదు. పశువుల డాక్టరు సూది వేసి, పసుప్పచ్చ మాత్రల పట్టీ చేతిలో పెట్టి, చివరి మాత్ర దాకా మింగించాల్సిందే, ఒక్కటి తప్పినా జ్వరం తిరగబెడుతుంది, ఇంక కుక్క దక్కదని గట్టిగా చెప్పి పంపించినాడు.

ఇక్కడే వచ్చింది చిక్కు. తోమాకు మాత్ర వేసేటప్పుడు దాని ముందర అబద్ధమాడితే మాత్ర బయటికొచ్చి పడుతుంది, చేదు మాత్రం ఆడినవాళ్ళ నాలిక మీదికి పోతుంది. ఓబన్న మొదటి రోజు రొట్టెముక్కలో మాత్ర దాచి, ఇది బెల్లం తినరా నాయనా అన్నాడు. తోమా, నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు మొగం పెట్టి, రొట్టె తిని మాత్ర ఉమ్మేసింది. ఓబన్నకు గొంతు దాకా చేదెక్కి కడవలో నీళ్ళు సగం తాగినాడు. ఆరాధన ఫోనులో, బిస్కత్తు తిను బంగారూ అని ముద్దు చేసింది. ఎర్రగుంట్లలో ఆమెకు మధ్యాన్నం బువ్వ సయించలేదు. ఆ పొద్దు సిగ్నలు బాగుండిందిలే అనుకున్నారు అందరూ.

ఆ గలాటాకు ఎదురింటి జ్ఞానమణి వచ్చింది. మిషను కుట్టుకొని బతికే మనిషి, ఆమెకూ మొగుడు పోయి శానా యేండ్లయింది. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. వచ్చీ రాంగానే తోమా దవడ రెండు చేతులా పట్టుకొని, "దీనికి కావాల్సింది బెల్లం కాదప్పా, సాక్ష్యం. ఉన్నదున్నట్టు చెప్పి చూడు" అనింది.

సాక్ష్యమంటే ఆదివారం చర్చిలో లేచి నిలబడి తన బతుకులో జరిగింది పదిమందికీ చెప్పుకోవడం. ఓబన్న ఏనాడూ లేచినవాడు కాదు. ఆ పొద్దు తప్పక కుక్క ముందర గొంతు సవరించుకొన్నాడు. ఇది మాత్రే, శానా చేదు, నువ్వు పోతే ఈ ఇంట్లో నాతో పలికే దిక్కు లేదని చెప్పినాడు. తోమా గుటుక్కున మింగింది. జ్ఞానమణి కొంగుతో కండ్లొత్తుకొని, రేపు కూడా వస్తానని పోయింది.

చెప్పిన నిజమే మళ్ళీ చెబితే తోమాకు పనికిరాదు. దినామూ కొత్తది కావాల. ఓబన్న దగ్గర మాటలే తక్కువ, ఇంక నిజాలు ఎన్ని ఉంటాయి? ఊరు తలా ఒక చెయ్యి వేసింది. టీ బంకు నడిపే ఉరుకుందు వచ్చి, తన టీలో పాలకన్నా నీళ్ళే ఎక్కువని చెప్పినాడు. అది ఊరందరికీ తెలిసిందే అయినా నిజం నిజమే గదా, మాత్ర దిగింది. హెన్రీ పాస్టరు ఏటా చెప్పే పాము సాక్ష్యం ఎత్తుకొన్నాడు, నిలువెత్తు నాగుపాము ఆయన కాళ్ళ సందులోంచి పోయిన సంగతి. మాత్ర టప్పున కింద పడింది. పాస్టరు చేదుకు మొగం ముడుచుకొని, జెర్రిపోతు, మూరెడుంటుందేమో అన్నాడు. తోమా మింగింది. ఆ వారం నుంచి చర్చిలో సాక్ష్యాలు పొట్టివైపోయి, అందరూ బువ్వ వేళకు ఇండ్లు చేరినారు.

జ్ఞానమణి మాత్రం ఒక్క పొద్దూ తప్పలేదు. దవడ పట్టేది ఆమె, మాత్ర వేసేది ఓబన్న. పనైనాక ఇద్దరూ అరుగు మీద టీ తాగేవాళ్ళు. ఆమె లోకం సంగతులన్నీ చెప్పేది, ఆయన తలకాయ ఊపేవాడు. పొద్దున్నే గడ్డం గీసుకోవడం కూడా మొదలుపెట్టినాడు.

ఆయనకు ఒకటే బాధ. ఊరంతా ఓబన్నా ఓబన్నా అని పిలుస్తుంది. ఆమె ఒక్కతే పేరెత్తదు. దారినపోయేవాళ్ళను పిలిచినట్టు ఏమప్పా, ఇట్ల రాప్పా, అంతే. వీధి చివర నుంచి కేకెయ్యాల్సి వచ్చినా "ఏమప్పోవ్" అనే అంటుంది. నోరారా పేరు పెట్టి పిలవడానికి కూడా తగనా నేను అని ఆయనకు లోపల గుచ్చుకొనేది.

తోమా లేచింది, తిరిగింది, కోళ్ళను తరిమింది. పట్టీలో మాత్రలు తగ్గేకొద్దీ సంతోషపడాల్సిన మనిషి దిగులుపడిపోయినాడు.

ఆఖరి మాత్ర మిగిలింది. ఊర్లో నిజాలన్నీ అప్పటికే అయిపోయినాయి. ఓబన్న దగ్గర మాత్రం ఒకటి ఉంది. జ్ఞానమణి దవడ పట్టుకొని, కానీప్పా అనింది. ఆయన ఆమె వైపు చూడలేదు, తోమా కండ్లలోకే చూసినాడు.

"తోమా, నీకు బాగైతే ఈమె మళ్ళీ రాదు. నాకదే భయంగా ఉండాది."

తోమా నోరు తెరిచింది. ఓబన్న మాత్ర నాలిక మీద పెట్టినాడు. అది గొంతులోకి జారేలోపలే జ్ఞానమణి తత్తరపడి, "నేనొచ్చేది కుక్క కోసమప్పా, ఇంకేం లేదు" అనేసింది.

మాత్ర వచ్చి ఓబన్న అరచేతిలో పడింది. జ్ఞానమణి గట్టిగా కండ్లు మూసుకొనింది. వేపాకు నమిలిన పసిబిడ్డ మాదిరి మొగమంతా ముడతలు పడిపోయింది. ఓబన్న ముందు బిత్తరపోయినాడు. తర్వాత ఆయనకు సంగతి తెలిసొచ్చింది. ఇంకొకరి నోరు చేదైతే తన గుండె ఇంత తియ్యగా కావడం బతుకులో అదే మొదలు. గబగబా లోపలికి పోయి బెల్లంముక్క, చెంబుతో నీళ్ళు తెచ్చినాడు.

జ్ఞానమణి బెల్లం అందుకోలేదు. మాత్ర ఇంకా ఆయన చేతిలోనే ఉంది, డాక్టరు మాట ఇద్దరికీ గుర్తుంది. ఆమె చర్చిలో లేచినట్టే లేచి నిలబడి, తలమీదికి కొంగు లాక్కొనింది.

"నిన్ను పేరు పెట్టి ఎందుకు పిలవనో ఎప్పుడన్నా ఆలోచించినావా? పిలిస్తే చివర్న అన్న వస్తాది. నిన్ను అన్నా అనేది నాకు ఇష్టం లేదప్పా."

దవడ ఎవరూ పట్టలేదు. తోమా తానే వచ్చి, వాసన కూడా చూడకుండా, అరచేతిలో మాత్ర నాలికతో అందుకొని మింగేసింది. అప్పుడు ఆమె బెల్లం నోట్లో వేసుకొని, సగం కొరికి ఆయనకిచ్చింది.

ఫోనులో సంగతి విని ఆరాధన శానాసేపు నవ్వింది, కొంచెం ఏడ్చింది, చీర తాను తెస్తానని చెప్పింది. హెన్రీ పాస్టరు వరసగా మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటన చదివినాడు.

పెండ్లి పొద్దు ప్రమాణాల దగ్గర పని ఆగిపోయింది. "జ్ఞానమణి అను నేను, ఓబన్న అను నిన్ను" అని పాస్టరు చెప్పించబోతే, ఆమె తన పేరు దాకా చెప్పి నిలిచిపోయింది. పాస్టరు మళ్ళీ చెప్పించినాడు. ఆమె మళ్ళీ నిలిచిపోయింది. చర్చంతా మెడలు చాపి చూస్తోంది.

జ్ఞానమణి ఆయన వైపు తిరిగి, "ఓబులు అను నిన్ను, నా భర్తగా అంగీకరిస్తున్నాను" అనింది.

పాస్టరు వాక్యగ్రంథం మీది వేలు తీసి, ఇది చెల్లుతుందా లేదా అన్నట్టు వాకిలి వైపు చూసినాడు. మెట్ల మీద తోమా, నిజం విన్నప్పటి మాదిరే, ఇంత పొడుగు నోరు తెరిచి కూర్చొని ఉంది. సరేనని ఆయన తర్వాతి మాట చదివినాడు. ఉరుకుందు జేబులోంచి బెల్లంముక్క తీసి తోమా నోట్లో వేసినాడు. ఆ పొద్దు నుంచి ఊరంతా ఓబన్నను ఓబులు అనే పిలుస్తోంది.