వెనక గది పళ్లు

ఈ ఊళ్లో నవ్వుతూ తిరిగే పెద్దవాళ్లలో సగం మంది నా పళ్లతోనే నవ్వుతున్నారు. గొప్పకి చెప్పడం లేదు. ఇరవై ఒక్క ఏళ్లుగా వాళ్ల కట్టుడు పళ్లు చేసింది నేనే. ఆ సంగతి వాళ్లకి తెలీదు. తెలియకూడదనేది మా వదిన పెట్టిన నియమం.

మా వదిన అంటే మా ఆయన అక్క, పళ్ల డాక్టరు. ముందు గదిలో ఆవిడ, ఆవిడ కుర్చీ, తెల్లకోటు. ఆ మూల చిన్న బల్ల దగ్గర మా ఆయన, వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటూ ఉంటాడు. తర్వాత ఒక తలుపు. తలుపుకి ఇవతల, వెనక గదిలో, నేను. గదికి కిటికీ ఉంది గానీ తెరిచి చెయ్యి చాపితే పక్క బిల్డింగు గోడ తగులుతుంది. అందుకని తెరవను. పొద్దున్న తొమ్మిదికి వెనక మెట్లెక్కి వస్తాను, సాయంత్రం అవే మెట్లు దిగిపోతాను. పేషెంటు నోట్లోంచి వదిన తీసిన అచ్చు తలుపు సందులోంచి లోపలికి వస్తుంది. నేను దాన్ని చూసి మైనంలో పళ్లు పేర్చి, గులాబీ రంగు చిగుళ్లు పోసి, అరగదీసి, మెరుగుపెట్టి అదే సందులోంచి బయటికి పంపిస్తాను. కాసేపటికి వదిన గొంతు వినిపిస్తుంది.

"స్వయంగా నా చేత్తో చేశానండీ. పెట్టుకుని చూడండి."

మొదట్లో ఆ మాటకి నవ్వొచ్చేది. తర్వాత కోపం వచ్చేది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఏమీ రాలేదు, అదే నాకు భయం.

ఇదంతా రెండు నెలల కోసం మొదలైంది. ఇక్కడ పళ్లు చేసే పాత మేస్త్రీకి చూపు మందగించింది. "నీ వేళ్లు సన్నగా ఉన్నాయే పిల్లా, కొత్తవాడు దొరికేదాకా కూర్చో" అంది వదిన. మేస్త్రీ వెళ్లిపోయే ముందు నాకు నెలరోజులు పని నేర్పాడు. కొత్తవాణ్ని ఎవరూ వెతకలేదు. నాకిప్పుడు నలభై ఎనిమిది, ఇంకా 'ఏమే పిల్లా' అనే పిలుస్తుంది.

ఈ మధ్య ఆ మెట్లు ఎక్కుతుంటే ఊపిరి ఆడనట్టు ఉండేది. బీపీ చూపించుకున్నాను, నిక్షేపంలా ఉందన్నారు. మా ఆయనతో చెబితే "లిఫ్టు లేదు కదా, అందుకే" అన్నాడు. పదకొండు మెట్లకి లిఫ్టు! ఆయన మంచివాడే. కాకపోతే ఆయన బుర్ర ఎప్పుడూ వాళ్లక్క పర్సులోనే ఉంటుంది.

ఒక సాయంత్రం బస్టాండులో నిలబడి ఉన్నాను. మైకులో బస్సుల సంగతి చెప్పే ఆయన్ని అందరం మైకు మాస్టారు అంటాం. పది రోజులుగా ఆయన గొంతు వినబడలేదు. ఆ రోజు మళ్లీ వినబడింది. 'సాయంత్రం ఆరున్నర సర్వీసు' అనగానే మైకులో ఈల మోగింది. 'స' అన్నచోటల్లా ఈలే. జనం పగలబడి నవ్వారు. పిల్లలు ఆయన్ని అనుకరిస్తూ ఈలలు వేశారు.

నేను నవ్వలేదు. ఆ ఈల నాది.

పోయిన వారం ఒక పూర్తి సెట్టు చేశాను. ముందు పళ్ల వెనకాల, అంగిలికి ఆనుకునే చోట, కాస్త పల్చగా చేశాను. తేలిగ్గా ఉంటుందనుకున్నాను. మామూలు మనిషికైతే చెల్లిపోయేది. కానీ ఈయన రోజంతా మైకులో మాట్లాడే మనిషి. ఆ మాట వదిన ఆయన్ని అడగలేదు, నాకు చెప్పలేదు. అచ్చులో నోరు కనబడుతుంది గానీ మాట వినబడదు కదా! ఇన్నేళ్లలో ఎన్ని నోళ్లకి ఇలా చేశానో!

నేరుగా మైకు గదిలోకి వెళ్లాను.

"మాస్టారూ, మీ పళ్లు ఒకసారి ఇస్తారా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ముప్పై ఏళ్ల సర్వీసమ్మా నాది. పర్సులు కొట్టేసినవాళ్లని చూశాను గానీ, పళ్లు అడిగినవాళ్లని ఇదే చూడ్డం." ఆ రెండు ముక్కల్లో నాలుగుచోట్ల ఈల వేశాడు పాపం.

"అవి చేసింది నేనే" అన్నాను.

"డాక్టరమ్మ స్వయంగా చేశానన్నారే?"

"నేనే చేశాను."

ఆ మాట పైకి అనడం అదే మొదలు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మర్నాడు భోజనం వేళకి సంచిలో మైనం, చిన్న చాకు పెట్టుకుని వెళ్లాను. పళ్ల వెనకాల చిటికెడు మైనం అద్ది, పెట్టుకుని మాట్లాడమన్నాను. ఈల తగ్గింది. ఇంకాస్త అద్దాను. ఈసారి నాలుక తడబడింది. గీశాను. మళ్లీ మాట్లాడమన్నాను. గంటసేపు అదే పని. ఒక మనిషి నోరు చూస్తూ, మాట వింటూ పని చేయడం నాకు తెలీదు. ఇరవై ఒక్క ఏళ్లు చీకట్లో అన్నం తిన్నదాన్ని వెలుగులో కూర్చోబెట్టినట్టుంది. చివరికి ఆయన 'సాయంత్రం ఆరున్నర సర్వీసు, మూడో నంబరు ప్లాట్‌ఫారం' అని గడగడా చదివేశాడు. ఈల కాదు కదా, గాలి కూడా లేదు. నాకు సంతోషం ఆగలేదు, ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాను. ఆ సెట్టు తీసుకెళ్లి, మైనం ఉన్నచోట గట్టిగా పోసి, సాయంత్రానికల్లా తెచ్చి ఇచ్చాను.

"అమ్మా, మీరు ఆ గదిలో ఉండాల్సిన మనిషి కాదు" అన్నాడు మాస్టారు. నోటీసుబోర్డు మీద ఆయనే అంటించిన కాగితం ఒకటి పీకి తెచ్చాడు. శిక్షణ కాలేజీలో కట్టుడు పళ్లు చేయడం నేర్పేవాళ్లు కావాలట. పదేళ్ల అనుభవం ఉండాలి. పని చేసినచోటు నుంచి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తప్పనిసరి. ఆఖరు తేదీ శుక్రవారం.

అది సోమవారం. ఇంటికి వెళ్లేదాకా బస్సులో ఆ కాగితాన్నే చదువుకున్నాను. పిల్లలు నా ముందు కూర్చుని మైనం కరిగిస్తుంటే, 'ముందు పేషెంటు ఏం పని చేస్తారో అడగండి' అని చెబుతున్నట్టు ఊహించుకున్నాను. నాకింకా ఏదో కావాలని అనిపించడం ఎన్నాళ్లయిందో!

మంగళవారం క్లినిక్ మూసే వేళకి ముందు గదిలోకి వెళ్లి అడిగాను. వదిన చేతులు కడుక్కుంటోంది.

"సర్టిఫికెట్టా? మనింట్లో మనకి కాగితాలేంటే పిల్లా?"

"కాలేజీలో అడుగుతున్నారు వదినా. నేనిక్కడ పళ్లు చేశానని రెండు ముక్కలు రాసివ్వండి చాలు."

"మరి ఇక్కడ ఎవరు చేస్తారు?"

"కొత్తవాళ్లకి నేనే నేర్పిస్తాను. వాళ్లు కుదురుకున్నాకే వెళ్తాను."

ఆవిడ తువ్వాలుతో ఒక్కో వేలు తుడుచుకుంది. "పళ్లూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం? కాలేజీలోనైనా చేసేది ఇదే పని కదా, ఇక్కడ నిన్ను నేనేం తక్కువ చూశాను? చూద్దాంలే."

మా ఆయన పుస్తకంలో తల దూర్చాడు. అందులో ఆ రోజు రాయాల్సిన పేర్లేమీ మిగల్లేదని నాకు తెలుసు.

ఇంటికి వెళ్లాక అడిగాను. "మీరొక్క మాట చెప్పొచ్చు కదండీ!"

"నన్ను మధ్యలోకి లాగకు. అటు అక్క, ఇటు నువ్వు. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని."

"మీరు పోకచెక్క కాదు" అన్నాను. "అడకత్తెర పట్టుకుని పక్కన నిలబడ్డ మనిషి."

బుధవారం గడిచింది. రెండు అచ్చులు వచ్చాయి, రెండు సెట్లు వెళ్లాయి. తలుపు అవతల 'నా చేత్తో' అన్నప్పుడల్లా నా చేతులు ఆగిపోయాయి. గురువారం సాయంత్రం తలుపు సందులోంచి అచ్చుకి బదులు ఒక కవరు వచ్చింది. చింపి చూశాను. క్లినిక్ పేరున్న కాగితం మీద, వదిన గుండ్రటి దస్తూరీలో, 'ఈమె మా క్లినిక్‌లో ఇరవై ఒక్క సంవత్సరాలుగా పరికరాలు శుభ్రపరిచే సహాయకురాలిగా పనిచేయుచున్నది. నమ్మకస్తురాలు' అని ఉంది. కింద సంతకం, ముద్ర.

తలుపు తోసుకుని వెళ్లాను. అదృష్టం, కుర్చీలో పేషెంటు లేడు.

"శుభ్రం చేశానా వదినా నేను?"

"అది కూడా చేశావు కదే."

"పళ్లు ఎవరు చేశారు?"

ఆవిడ గొంతులో ఇప్పుడు డాక్టరు లేదు.

"ఇన్నేళ్లూ నా చేత్తో చేశానని చెప్పాను. ఇప్పుడు నా సంతకంతో నువ్వు చేశావని రాస్తే, నేనేం చేసినట్టే? ఊళ్లో అందరూ వచ్చేది నా చెయ్యి చూసి. పళ్లు పేర్చడం నాకు ఏనాడూ సరిగ్గా రాలేదు. ఆ మాట కాగితం మీద నాచేత రాయిస్తావా?"

ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు జాలేసింది, అదే నా మీద నాకు కోపం తెప్పించింది. వెనక గదిలోకి వచ్చేశాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా ఇంట్లో పనికొచ్చింది, బాగా పనికొచ్చింది. కానీ అది చెట్టని ఒప్పుకునేవాళ్లే లేరు.

శుక్రవారం ఆ మెట్లు ఎక్కలేదు. కాలేజీకి వెళ్లే బస్సెక్కాను. నేను చేసిన సెట్టొకటి రుమాల్లో చుట్టి తీసుకెళ్లాను.

ప్రిన్సిపాల్ నాకంటే పదేళ్లు చిన్నది. సెట్టుని అటూ ఇటూ తిప్పింది, వేలితో తడిమింది, వెలుతురు దగ్గరికి తీసుకెళ్లి చూసింది.

"చాలా బాగుందండీ. ఎవరు చేశారు?"

"నేనే."

సర్టిఫికెట్ చదివి నా మొహంలోకి చూసింది. "ఇందులో వేరేలా ఉందే?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "కావాలంటే ఇప్పుడే ఇక్కడ కూర్చుని చేసి చూపిస్తాను" అన్నాను.

"మీరు చేసి చూపిస్తే నేను నమ్ముతాను. ఫైలు నమ్మదు." ఆవిడ నిజంగానే బాధపడింది. "నేర్పే ఉద్యోగం ఈ కాగితంతో ఇవ్వలేను. రెండేళ్ల కోర్సులో విద్యార్థిగా చేరతారా? వయసు పరిమితి లేదు. పాసైతే ఎక్కడైనా మీ పేరుతో పని చేసుకోవచ్చు, తర్వాత ఇక్కడే నేర్పొచ్చు కూడా. అడ్మిషన్లకి కూడా ఇవాళే ఆఖరు."

ఫారం ఇచ్చి గుమస్తా దగ్గర కూర్చోబెట్టింది. గాజు తలుపులోంచి తరగతి కనిపిస్తోంది. మా అమ్మాయి ఈడు పిల్లలు. ఒకమ్మాయి మైనం మరీ వేడి చేస్తోంది, పళ్లు జారిపోతాయి అలా చేస్తే. లేచి వెళ్లి చెప్పాలనిపించింది. కూర్చున్నాను.

పేరు రాశాను, వయసు రాశాను. అప్పుడు ఫోను మోగింది. మా ఆయన. "ఎక్కడున్నావు? ఇద్దరు కూర్చున్నారు ఇక్కడ" అంటుండగానే వదిన ఫోను లాక్కుంది.

"పిల్లా, వచ్చెయ్. ఆ గది వద్దులే, ముందు గదిలోనే నీకు బల్ల వేయిస్తాను. నీ కుర్చీ, నీ దీపం. అందరూ నిన్ను చూస్తారు."

నా కాళ్లు లేచాయి, అబద్ధమెందుకు? పదేళ్ల క్రితం ఆ మాట అని ఉంటే పరిగెత్తుకుంటూ వెళ్లేదాన్ని. ఇప్పుడు కూడా ఒక్క క్షణం నా సంచి భుజాన వేసుకున్నాను.

"సర్టిఫికెట్ మార్చి రాస్తారా వదినా?"

"అదొక్కటీ అడక్కే."

"అయితే ఉంటాను" అని పెట్టేశాను. సంచి మళ్లీ కింద పెట్టాను.

ఫారంలో తర్వాతి గడి దగ్గర గుమస్తా వేలు పెట్టి చూపించాడు. 'ఈ పనిలో గత అనుభవం'. "ఉందని రాస్తే రుజువు జత చేయాలమ్మా. లేకపోతే ఫారం తిరిగొచ్చేస్తుంది."

రుజువులు ఈ ఊరంతా తిరుగుతున్నాయి. అన్నం నములుతున్నాయి, అబద్ధాలాడుతున్నాయి, బస్సుల పేర్లు చదువుతున్నాయి. ఒక్కటీ ఈ ఫారానికి పిన్ను పెట్టడానికి రాదు. ఏడుపొచ్చింది. పంటి బిగువున ఆపుకుందామనుకున్నాను గానీ ఆగలేదు, గుమస్తా ముందే ఏడ్చాను. ఆయన తల తిప్పుకుని ఏవో కాగితాలు సర్దుకున్నాడు.

తర్వాత ఆ గడిలో 'లేదు' అని రాశాను.

"కింద సంతకం చేయండి" అన్నాడు గుమస్తా.

చేశాను. నా పని గురించిన కాగితం మీద నేను పెట్టిన మొదటి సంతకం అదే. ఆ పని నాకు రాదని ఒప్పుకుంటూ పెట్టాను.